నలభై మూడో ముక్క

మా మిషను పత్రికలో ఒక ఫొటో పడింది. చర్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని అందరూ నవ్వుతూ ఉంటారు. వాళ్ళ వెనకాల టీ గ్లాసుల ట్రే పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు, తల సగం తెగిపోయి. ఆ సగం తల నాది. కింద నాలుగు లైన్లు రాశారు. సంఘానికీ స్వలింగ ప్రేమికులకూ మధ్య ఈ కొండల్లో ఇదే తొలి సంభాషణ అనీ, సహృదయ వాతావరణంలో జరిగిందనీ, ఇంకా ఎంతో ప్రార్థించవలసి ఉన్నదనీ. ఏడో తరగతిలో బడి మానేసి జీపు వెనక క్లీనరుగా వేలాడినవాణ్ణి నేను. అయినా ఆ నాలుగు లైన్లు చదివేంత చదువుంది. వాటిలో లేనిది నేను రాస్తాను.

మాది అరకు నుంచి పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి, కాఫీ తోటల్లో ఊరు. నేను సర్వీసు జీపు నడుపుతాను. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని సంఘ పెద్దనవుతాను. నా పని బల్ల. బల్ల అంటే ప్రభువు బల్ల. మా దగ్గర జనం లేచి ముందుకు రారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె ముక్కల ట్రే నా చేతికిస్తారు. నేను వరసవరసకీ తీసుకెళ్తాను. ఎవరి ముందు ఆగితే వాళ్ళు కుడిచెయ్యి ఎడమచేతి మీద పెట్టి చాపుతారు. అరచేతిలో ఒక ముక్క వేస్తాను. నా వెనకే రాబిన్ మాస్టారు ద్రాక్షరసం గ్లాసులతో వస్తారు. మిగిలిన ముక్క పారెయ్యకూడదు, ట్రే మోసినవాడే తినాలి. ఇది ఎప్పటిదో దొరలనాటి నియమం.

రొట్టె చేసేది నా భార్య సుజానా. శనివారం మధ్యాహ్నం పెనం మీద కాల్చి, చల్లారాక పాచికలంత ముక్కలు కోస్తుంది. బల్లలో చేరేవాళ్ళం నలభై ముగ్గురం. నలభై మూడు ముక్కలు. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు. అందుకే మా సంఘంలో మిగలడమనేది లేదు.

టైటస్ నా తమ్ముడు. నేను మా ఇంట్లోవాళ్ళ బాప్తిస్మాలకి ముందు పుట్టాను కాబట్టి వరహాలరావుని. వాడు తర్వాత పుట్టాడు కాబట్టి టైటస్. మా మధ్య పదిహేడేళ్ళు. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, సుజానా కాపరానికొచ్చి ఏడాది. మాకు పిల్లలు పుట్టలేదు. వాణ్ణి ఆమె మరిది అంటే కాగితాల మీద నిజం, అంతే. వాడు ఊరి ఆసుపత్రిలో ల్యాబు పని చేసేవాడు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో మలేరియా పరీక్షకి వాడు గుచ్చని వేలు లేదు.

ఈస్టర్ ముందొచ్చే శ్రమ దినాలు మొదలవడానికి పది రోజుల ముందు, ఒక ఆదివారం, సాక్ష్యాల వేళ. ముందు గంగమ్మ లేచి, తప్పిపోయిన పంది మూడోనాడు తనంతట తనే ఇంటికొచ్చిందని చెప్పి స్తోత్రం అంది. అందరం స్తోత్రం అన్నాం. తర్వాత టైటస్ లేచాడు. కొత్త చొక్కా కూడా వేసుకోలేదు.

“నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగాళ్ళ మీదే పోతది. పద్నాలుగో ఏట నుంచి ఇంతే. ఇది తీసెయ్యమని ఉపవాసాలుండి అడిగాను. తియ్యలేదు. అలాగని నన్నూ వొగ్గెయ్యలేదు. ఇంతే నా సాక్ష్యం. స్తోత్రం.”

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక బెంచీలో ఎవరిదో ఫోను మోగడం మొదలెట్టి, ఆపేవాళ్ళు లేక చివరిదాకా మోగింది.

మా తప్పు అక్కడే ఉందేమో. సాక్ష్యమంటే నిజం చెప్పాలని వాడికి మేమే నేర్పాం. ఎంతవరకూ నిజమో నేర్పలేదు.

ఇంటికొచ్చాక సుజానాని అడిగాను, “నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“ఆడు ఇంటరు సదివినకాణ్ణుంచి.”

“మరి నాకు సెప్పనేదేటి?”

“సెప్తే ఏటి సేత్తావు? జీపు కిందకి దూరతావు. సాయంత్రందాకా బయటికి రావు.”

నేను లేచి జీపు దగ్గరికే వెళ్ళాను.

*

మరుసటిది నెలలో మొదటి ఆదివారం, బల్ల ఉండే రోజు. శనివారం మా దైవాధీనం అయ్యగారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. వయసులో టైటస్ కంటే ఒకటో రెండో ఏళ్ళు పెద్ద. మెత్తని మనిషి. మెత్తనివాళ్ళతో ఒక చిక్కుంది. ఎటు నొక్కితే అటు లొత్త పడతారు.

“అమ్మా, రేపటికి నలభై రెండు చాలు” అన్నారు నేలచూపుతో.

“అయ్యగారూ, మీరు వాక్యం సూసుకోండి. రొట్టె నాను సూసుకుంతాను” అంది సుజానా. ఆయన ముందే లెక్కపెట్టి నలభై మూడు కోసింది.

టైటస్ చివరి బెంచీలో కూర్చున్నాడు. చేతులు చాపవద్దని చెప్పారు, చాపలేదు. మొదటిసారి నా ట్రేలో ఒక ముక్క మిగిలింది. నేను తినబోతుంటే సుజానా వచ్చి తీసుకుంది. చేతిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, వాడు అన్నానికి కూర్చున్నప్పుడు పళ్ళెం పక్కన పెట్టింది.

వాడు ఆ ముక్కని చాలాసేపు చూశాడు.

“వద్దు వదినా.”

“నీదేరా బాబూ. నీ కోసమే కోసినాను.”

“కోసినప్పుడు నాదే. ఇప్పుడు మిగిలింది. మిగిలిందయితే నాకొద్దు. అందరితోపాటు, నా వొంతు వొచ్చినప్పుడు కావాల.”

“మరి అన్నం తిను.”

“అన్నం తింతాను. నీ చేపల పులుసు మీద నాకేటి కోపం?”

నవ్వించాలని అన్నాడు. సుజానా నవ్వలేదు. ఆ ముక్కని తీసి నాకిచ్చింది. నియమం ప్రకారం నేను తిన్నాను.

మా సంఘంలో శ్రమ దినాల నలభై రోజులూ బల్ల ఉండదు. మళ్ళీ ఈస్టర్ పొద్దునే. అంటే ఈస్టర్ దాకా గడువుంది. వాడికి కావాల్సింది అదొక్కటే, ఆ పొద్దున చెయ్యి చాపితే అందులో ముక్క పడాలి. పెళ్ళి చెయ్యమనలేదు, ఎవరినీ ఒప్పుకోమనలేదు. అంత చిన్నది అడిగాడు కాబట్టే దొరుకుతుందనుకున్నాం.

ఈలోగా ఊరు మాత్రం ఈస్టర్ దాకా ఆగలేదు. గంగమ్మకి జ్వరమొచ్చింది. ఇంటి పక్కన ఆసుపత్రి పెట్టుకుని, రక్తం పరీక్షకి నా జీపెక్కి అరకు బయల్దేరింది.

“మన టైటస్ ఉన్నాడు గదా” అన్నాను.

“ఉన్నాడు నాయనా. ఆ గుంటడు బంగారం. నా సంకన పెరిగినోడే గదా. గానీ మరి… ఏలు పట్టుకుంతాడు గదా” అంది.

ఎదురుగా ఎవరూ లేకపోయినా అరకు దాకా హారను కొడుతూనే ఉన్నాను.

*

సంభాషణ అనే మాట తెచ్చింది అయ్యగారే. ఆయన చదువుకునేటప్పుడు విశాఖపట్నంలో ఇలాంటివాళ్ళ గుంపు ఒకటి పరిచయమట. వాళ్ళని పిలుద్దాం, పెద్దలు అడగాల్సింది అడుగుతారు, వాళ్ళు చెప్పాల్సింది చెప్తారు, మూడు శనివారాలు. రాబిన్ మాస్టారు కాదనలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘంలో ఆయన మాటే మాట. అడగనివ్వడంలో నష్టం లేదని ఆయనకి తెలుసు.

కిరండూల్ రైలుబండికి ఇద్దరొచ్చారు. కామేష్ అనే నలభై ఏళ్ళ మనిషి, బ్యాంకు గుమాస్తా. జీవిత అనే ఆవిడ, పిల్లలకి ట్యూషన్లు చెప్తుంది. స్టేషన్లో ఇద్దరినీ ఎక్కించుకున్నాను. జీవిత ముందు సీట్లో కూర్చుని, అద్దానికి వేలాడే సిలువని వేలితో ఒకసారి ఊపి, “మా నాన్న కూడా పాస్టరే అన్నా” అంది. “మాట్లాడి తొమ్మిదేళ్ళయింది.”

ఆ మొదటి శనివారం వరండాలో రాబిన్ మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో అడిగినట్టే అడిగారు.

“అమ్మా, తప్పుగా అనుకోవద్దు. దీనికి మీరు ప్రార్థన చేయించుకోలేదా?”

“మూడు స్వస్థత కూటాలకి తీసుకెళ్ళారండీ” అంది జీవిత. “ప్రతిసారీ సీసాడు కొబ్బరినూనె నెత్తిన పోసి రుద్దారు. జుట్టు మాత్రం బాగా పెరిగింది.”

ఒకరిద్దరు పెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు. మాస్టారు మూతి కూడా కొంచెం కదిలింది. నాకు ఆశ పుట్టింది అప్పుడే. నవ్విన మనుషులు కఠినంగా ఉండలేరని నా వెర్రి నమ్మకం.

“కోర్టు ఒప్పుకుందని దేవుడు ఒప్పుకోడు గదా” అన్నాడు ఇంకో పెద్ద.

“కోర్టుని మేం ఇక్కడికి తీసుకురాలేదండీ. టైటస్ కోసం వచ్చాం” అన్నాడు కామేష్.

మాస్టారు టైటస్ వైపు తిరిగారు. “సరే. నువ్వే చెప్పు. ఆ రెండోవాడెవడు?”

“ఏ రెండోవాడు మాస్టారూ?”

“నీతో ఉన్నవాడు.”

“ఎవడూ లేడు మాస్టారూ” అన్నాడు టైటస్. “ఉండుంటే బాగుణ్ణు.”

అయ్యగారు టీ తెమ్మన్నట్టు నాకు సైగ చేశారు. నేను తెచ్చాను. పెద్దలకీ, వచ్చినవాళ్ళకీ, టైటస్‌కీ వరసగా ఎవరి ముందు ఆగాల్సి ఉంటే వాళ్ళ ముందు ఆగాను. ఒక్కరినీ దాటలేదు. అందరినీ నవ్వమని ఫొటో తీసింది అప్పుడే.

రెండో శనివారం చైత్ర పండగ రోజులు. కొండ ఊళ్ళ ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, డప్పు కొట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. మామూలు ఇస్తేగాని దుంగ తియ్యరు. రెండుచోట్ల తప్పించుకుని మూడోచోట దొరికిపోయాం. ఒక ముసలావిడ కిటికీలోంచి తల దూర్చి జీవితని చూసింది.

“ఏ పాపా, మొగుడేడీ?”

“లేడమ్మా.”

“ఈడు గాడా?” అని వెనక కామేష్ని చూపించింది.

“కాదు” అంది జీవిత.

“నాకూ లేడమ్మా మొగుడు” అన్నాడు కామేష్ వెనకనుంచి, చాలా దిగులుగా మొహం పెట్టి.

ముసలావిడ అతన్ని ఎగాదిగా చూసింది. ఒక్క క్షణం. తర్వాత తొడ చరుచుకుని నవ్వి, మిగతావాళ్ళకి వాళ్ళ భాషలో ఏదో అరిచి చెప్పింది. అందరూ ఘొల్లుమన్నారు. “దిగండి, దిగండి. మొగుళ్ళు నేనోళ్ళు ఆడాల, అప్పుడే దుంగ తీత్తాం” అని ఇద్దరినీ లాగేశారు. థింసా వరసలో నడుములు పట్టించి ఆడించారు. కామేష్‌కి ఒక్క అడుగూ పడలేదు. జీవిత మాత్రం ఆగమన్నా ఆగలేదు. పది నిమిషాలయ్యాక దుంగ తీసి, ఇద్దరి చేతుల్లో కాస్తంత కాల్చిన చిలగడదుంప పెట్టి పంపించారు.

ఆ ఆడవాళ్ళకి అక్షరమ్ముక్క రాదు. వాళ్ళకి పది నిమిషాలు పట్టిన సంగతి మా వరండాలో మూడు శనివారాలు పట్టి కూడా తేలలేదు.

మూడో శనివారం కామేష్‌కి సెలవు దొరకలేదు. జీవిత ఒక్కతే వచ్చింది. ఆ రోజు ఏదో ఒకటి తేల్చాలి. మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

“అమ్మా, నాకు డెబ్భై ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా ఈ సంఘంలో ఎవరికి బల్ల ఆపాలో చెప్పింది నేనే. జీలుగు కల్లు తాగాడని ఒకరికి ఆపాను. మొగుణ్ణి వదిలి రెండోవాడితో ఉందని ఒకామెకి ఆపాను. ఒకాయన నాలుగేళ్ళు చివరి బెంచీలో కూర్చుని, ముట్టకుండానే చనిపోయాడు. ఇప్పుడు టైటస్‌కి ఇవ్వొచ్చు అంటే, ఆయనకి నేనేం చెప్పను?”

“ఆయన లేరు కదండీ” అంది జీవిత మెల్లగా. “టైటస్ ఉన్నాడు.”

“నువ్వు చిన్నదానివి. పోయినవాళ్ళే ఎక్కువ అడుగుతారు.”

ఆయన మీద నాకు కోపం రావాలి. ఇప్పటికీ రావడం లేదు. అదే నా కోపం.

కమిటీ మినిట్స్ పుస్తకంలో ఏదీ తేల్చి రాయలేదు. ఇవ్వమని రాయలేదు, ఆపమనీ రాయలేదు. ఇంకా ప్రార్థించాలి అని రాసి అందరం సంతకాలు పెట్టాం. మూడు శనివారాల్లో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నన్నెవరూ అడగలేదు. అడగకపోవడం హాయిగానే ఉండింది.

జీవితని స్టేషనుకి దింపుతుంటే దారిలో అడిగింది, “మీరేమంటారన్నా?”

“నాను డ్రైవర్నమ్మా.”

“రొట్టె ట్రే మీరే పడతారట కదా.”

నేను గేరు మార్చాను.

“మా చర్చిలో మా నాన్నే ఇచ్చేవాడు” అంది. “నా సంగతి తెలిశాక, నా దగ్గరకొచ్చేసరికి ఆయనకి దగ్గొచ్చేది. దగ్గుతూ దగ్గుతూ ముందుకెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళు నిజం దగ్గే అనుకున్నాను. మిరియాల కషాయం కూడా కాచిచ్చాను.”

బండి కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ తర్వాత వాళ్ళెవరూ రాలేదు. ఎవరూ పిలవలేదు.

*

ఈస్టర్ ముందురోజు అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు.

“వరహాలరావుగారూ, కమిటీ ఆపమనలేదు. అవునా?”

“ఇమ్మనీ అనలేదు గదండీ.”

“అదే. ఇక నేనేమీ చెప్పను. ట్రే మీ చేతిలో ఉంటుంది.”

ఏదో పెద్ద దయ చేసినట్టు నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నేనూ టైటసూ అమ్మ సమాధికి సున్నం వెయ్యడానికి వెళ్ళాం. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరే కూడతారు, అప్పటికి అన్నీ తెల్లగా ఉండాలి. వారం కిందట వాన పడింది, కాఫీ పూత విరగబూసింది. తోటలోంచి ఆ వాసన గొంతుకి అడ్డం పడేటంత వస్తోంది. వాడు కుంచె పట్టాడు, నేను బకెట్టు.

“అన్నయ్యా, రేపు సేతులు సాపనా?”

“సాపు.”

“బాగా ఆలోసించుకుని సెప్పు. నలుగురిలో సాపినాక ఒట్టి సేతులు ఎనక్కి తీసుకోడం బాగోదు.”

“సాపరా అంతన్నాను గదా. ట్రే నా సేతిలోనే ఉంటాది.”

వాడు నా మొహంలోకి చూసి, నమ్మి, మళ్ళీ కుంచె ముంచాడు. నమ్మడం నేను చూశాను. “ఈ పక్క సున్నం పట్టనేదు. అమ్మకి ఇంకో పూత ఎయ్యాల” అన్నాడు. వేశాం.

ఇంటికొచ్చేసరికి సుజానా ముక్కలు కోసి గుడ్డ కప్పింది. నేనడక్కుండానే చెప్పింది, “నలభై మూడు.”

*

తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గర పాడాం. టైటస్ అమ్మ సమాధి మీద రెండు కొవ్వొత్తులు పెట్టాడు, నాదొకటి, వాడిదొకటి. వెలుగొచ్చాక అందరం చర్చికి నడిచాం.

మా చర్చిలో నడవకి ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. ఒక వరసలో మగవాళ్ళకి వేసి, నడవ దాటి అదే వరసలో ఆడవాళ్ళకి వేసి, వెనక్కి జరుగుతాను. సుజానా మొదటి బెంచీ. నేను ముక్క వేస్తుంటే నా కళ్ళలోకి చూసి, తర్వాత తల దించి కళ్ళు మూసుకుంది. ఆమె ఒక్కతే మూసుకుంది. బల్ల వేళ ఎవరి ప్రార్థనలో వాళ్ళుండాలి. ఆ పొద్దున చర్చి మొత్తం కళ్ళు తెరుచుకుని ఉంది.

టైటస్ నాలుగో వరసలో నడవ పక్కనే ఉన్నాడు. నేను రాకముందే చేతులు చాపాడు, కుడిచెయ్యి ఎడమచేతి మీద, అమ్మ నేర్పినట్టు. గోళ్ళలో సున్నం ఇంకా ఉంది.

వాడి తర్వాత వంతు నడవకి అవతల గంగమ్మది. ఆవిడ చేతులు రెండూ కొంగు కింద దాచుకుని నా మొహం చూడ్డం లేదు, నా వేళ్ళు చూస్తోంది. వాడి అరచేతికి తగిలిన వేళ్ళే తన దగ్గరికొస్తాయి. గంగమ్మ వెనక ఇంకా ఇరవై ఎనిమిదిమంది. ఆవిడ ఒక్కతి చేతులు తియ్యకపోతే, ఆ ఇరవై ఎనిమిదిమందిలో ఎంతమంది తీస్తారు?

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. అందరికీ ఇచ్చేసి, ఆఖర్న వచ్చి వాడికిస్తే సరిపోతుంది. ఎవరి బల్లా చెడదు. వాడి ముక్క వాడికి అందుతుంది. రోడ్డు మీద గొయ్యి కనపడితే బండిని కాస్త పక్కకి కోసి మళ్ళీ దారిలోకి తెచ్చినట్టు. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అదే. నాకు వచ్చింది అదొక్కటే.

ట్రే గంగమ్మ వైపు జరిగింది. ఆవిడ వెంటనే చేతులు చాపింది.

మిగతా వరసలు ఎంత త్వరగా నడిచానో. చివరి బెంచీ అయింది, అయ్యగారికి అయింది, మాస్టారికి అయింది, నేనూ తీసుకున్నాను. ట్రేలో ఒక్క ముక్క ఉంది. దాన్ని పట్టుకుని నాలుగో వరస దగ్గరికి తిరిగొచ్చి వాడి ముందు ఆగాను.

వాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి. తల ఎత్తి ట్రేలోకి చూశాడు. మిగిలిన ఆ ఒక్క ముక్కనీ చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పళ్ళెం పక్కన ముక్క పెట్టిన రోజున వాడన్న మాట. అంతకుముందు గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. సుజానా నమ్మలేదు.

“తీసుకోరా” అన్నాను పెదాలతోనే.

“పద అన్నయ్యా” అన్నాడు చిన్నగా. కోపం లేదు. రద్దీలో ఎవరికో దారిచ్చినట్టు అన్నాడు. “నీ ఎనక మాస్టారు నిలబడున్నారు.”

నిలబడే ఉన్నారు, ఒక్క గ్లాసున్న ట్రే పట్టుకుని. ఆ గ్లాసు వాడికి ఇవ్వాలనే తెచ్చారో, నన్ను అదుపులో ఉంచాలని వచ్చారో నాకు ఇవాళ్టికీ తెలీదు. అడగలేదు.

ఆరాధన అయ్యాక సుజానా ట్రే కడగడానికి వచ్చింది. ముక్క చూసింది.

“ఆడికి ఇవ్వనేదా?”

“ఇచ్చినాను. తీసుకోనేదు.”

“ఎప్పుడిచ్చినావు?”

నేను ట్రే ఆమె వైపు జరిపాను.

“ఎప్పుడిచ్చినావయ్యా?”

“ఆఖర్న.”

ఆమె కుళాయి తిప్పింది. ట్రేని ఇటూ అటూ తిప్పుతూ చాలాసేపు కడిగింది. ఆ ముక్క ఏమయిందో నేనడగలేదు.

*

మే నెలలో టైటస్‌కి రాజవొమ్మంగి బదిలీ వచ్చింది. అడిగి తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. జీపులో నేనే బస్సుకి దింపాను. దారి పొడుగునా మామూలుగానే మాట్లాడాడు. బ్రేకులు చూపించుకోమన్నాడు. నా బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పాడు. తిట్టి ఉంటే ఇద్దరం ఏదో ఒక మలుపులో బండి ఆపుకుని ఏడ్చేవాళ్ళం. బస్సెక్కేటప్పుడు వదిన జాగ్రత్త అన్నాడు. నాకేదో చెప్తాడని కాసేపు కిటికీ కింద నిలబడ్డాను. బస్సు కదిలింది.

సుజానాకి ఆదివారం సాయంత్రాలు ఫోను చేస్తాడు. నేను ట్రిప్పు మీద ఉండే వేళ వాడికి తెలుసు.

గంగమ్మ మళ్ళీ ఊరి ఆసుపత్రిలోనే పరీక్ష చేయించుకుంటోంది. అక్కడ ఎవరో కొత్త కుర్రాడు. “ఈడికి సెయ్యి తిరగనేదు. గుచ్చినసోటే గుచ్చుతాడు. మన టైటస్ గుచ్చితే తెలిసేది గాదు నాయనా” అంటుంది నా జీపులో కూర్చుని.

మొదటి ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. సుజానా శనివారం మధ్యాహ్నం పెనం పెడుతుంది. ఊళ్ళో నలభై ఇద్దరమే ఉన్నాం. ఆమె నలభై మూడు కోస్తుంది. పొద్దున మొదటి బెంచీలో కూర్చుంటుంది, అందరికీ కనపడేచోట. నేను ట్రేతో ఆమె ముందు ఆగుతాను. ఆమె చేతులు ఒళ్ళోనే ఉంటాయి. మొదటిసారి, మర్చిపోయిందేమో అనుకుని, “సుజానా” అన్నాను. కళ్ళెత్తి నన్ను చూసింది. చెయ్యి తియ్యలేదు. నా వెనక మాస్టారు ఆగారు. ఆయన వెనక చర్చి మొత్తం ఆగింది. ట్రే పక్కకి జరిగింది.

ఇంట్లో అన్నం పెడుతుంది, నీళ్ళు తోడుతుంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. దీని గురించి ఒక్క మాట అనదు.

ప్రతి నెలా రెండు ముక్కలు మిగులుతున్నాయి. మిగిలినవి మోసినవాడే తినాలి. చర్చి వెనక కాఫీ మొక్కల దగ్గరికెళ్ళి, అటు తిరిగి తింటున్నాను.